వడిసెల రాయి ఎటు పోతుంది?

ఇది ఒక సైన్సు మాస్టారి స్మృతికి ఏర్పాటైన ఉపన్యాసం కాబట్టి విద్యావిధానం మీద, పాలకుల మీద, తల్లిదండ్రుల మీద తలా ఒక తీర్పు చెప్పి దిగిపోవచ్చు. అలాంటి తీర్పులు విని విని ఉపాధ్యాయులైన మీరూ విసిగి ఉంటారు. నేను ఒకే ఒక్క పాఠం తీసుకుంటాను: అభికేంద్ర బలం. తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణకు ముందు ఒక పేరాలో కనిపించి, ఇంటర్ మొదటి సంవత్సరంలో సూత్రంగా స్థిరపడి, ఎంట్రన్సు పరీక్షలో ఒకటో రెండో లెక్కలుగా మిగిలిపోయే పాఠం ఇది. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సైన్సును చేతులతో చేసి నేర్చుకోవాలన్న మాటను ఈరోజు ఎవరూ కాదనరు. ఎవరూ కాదనరు కాబట్టే దాన్ని పరీక్షించి చూడటం మానేశాం. ఈ పాఠం ఆ మాటను పరీక్షకు నిలబెడుతుంది. ఎందుకంటే ఇక్కడ చేతికి కలిగే అనుభవమే పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రయోగం చేయించకపోతే సూత్రం బట్టీ అవుతుంది. ఊరికే చేయిస్తే పాత అపోహ మరింత గట్టిపడుతుంది. ఈ పాఠానికి ప్రయోగం తప్పనిసరి అన్నది నా వాదనలో సగం. విద్యార్థి ముందుగా తన ఊహను కాగితం మీద పెట్టాలి, ఆ తర్వాతే వస్తువు కదలాలి, తేడా ఎందుకొచ్చిందో తరగతి మాట్లాడుకోవాలి, ఈ వరస తప్పిన ప్రయోగం కాలక్షేపమే అన్నది మిగతా సగం.

తాడుకు రాయి కట్టి తల మీదుగా తిప్పుతున్న పిల్లవాడికి చేయి ఏం చెబుతుందో చూడండి. రాయి బయటికి లాగుతోంది అంటుంది. అది అబద్ధం కాదు, తాడు చేతిని నిజంగానే బయటికి లాగుతోంది. కాని అది చేతి మీద పనిచేసే బలం. అదే తాడు రెండో కొసన రాయిని లోపలికి, కేంద్రం వైపు లాగుతోంది. రెండో కొసన పిల్లవాడికి చేయి లేదు. అందుకని తన కొసన తెలిసిన దిశనే రాయికీ అంటగడతాడు. అక్కణ్ణుంచి తర్కం చకచకా సాగిపోతుంది: రాయిని ఏదో బయటికి తోస్తోంది, తాడు ఆపుతోంది, రెండూ సరిసమానం కాబట్టి రాయి వృత్తం మీద నిలబడింది, తాడు వదిలితే తోసేదే గెలుస్తుంది, రాయి కేంద్రం నుంచి నేరుగా బయటికి దూసుకుపోతుంది. ఇందులో తప్పుడు అనుభవం ఒక్కటీ లేదు, తయారైన సిద్ధాంతం మాత్రం పూర్తిగా తప్పు. బలాలు రెండూ సమానమై రద్దయిపోతే రాయి సరళరేఖలో పోవాలి కదా, వంపు ఎందుకు తిరుగుతోంది అన్న ప్రశ్న అతనికి తట్టదు. న్యూటన్ మొదటి నియమం చదివేసే ఉంటాడు. ఆ నియమానికీ ఈ రాయికీ ఏమైనా సంబంధం ఉందా అని ఎవరూ అడిగి ఉండరు.

ఇది మందబుద్ధి లక్షణం అనుకుంటే పొరపాటు. భౌతికశాస్త్రం కూడా ఈ దారినే నడిచింది. 1644లో రెనె దెకార్త్ తన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫిలాసఫీ'లో వడిసెలనే ఉదాహరణగా తీసుకుని, వదిలిన రాయి స్పర్శరేఖ వెంట సూటిగా పోతుందని సరిగ్గానే రాశాడు. అదే పుస్తకంలో మరోచోట, తిరిగే వస్తువుకు కేంద్రం నుంచి దూరం కావాలన్న ప్రయత్నం ఉంటుందన్న భావాన్నీ నిలబెట్టాడు. క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో ఆ బయటి లాగుడుకి గణితం కట్టాడు: వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. 1673లో లోలకపు గడియారం మీద రాసిన గ్రంథం చివర ఆ ఫలితాలను ఉపపత్తులు లేకుండా అచ్చువేశాడు. పరిమాణం అక్షరాలా సరైనదే, చూపు మాత్రం బయటివైపు. న్యూటన్ కూడా 1660లలో ఇలాగే ఆలోచించాడు. 1679లో రాబర్ట్ హుక్ ఆయనకు ఉత్తరం రాస్తూ, గ్రహాల చలనాన్ని స్పర్శరేఖ వెంట సాగే సూటి చలనమూ, కేంద్రం వైపు ఆకర్షణా కలిసినదిగా చూడమని సూచించాడు. కేంద్రం వైపు లాగే బలానికి న్యూటన్ పేరు పెట్టింది 1684లో. 1687 నాటి 'ప్రిన్సిపియా'లో దాన్ని నిర్వచించాడు; ఆ నిర్వచనానికి తర్వాతి ముద్రణలో చేర్చిన ఉదాహరణల్లో మళ్లీ వడిసెల రాయి ఉంది. దెకార్త్ పుస్తకానికీ 'ప్రిన్సిపియా'కూ మధ్య నలభై ఏళ్లకు పైగా గడిచాయి. అంతటివాళ్లకు అంత కాలం పట్టిన మలుపును మనం ఒక్క పీరియడ్‌లో తిప్పేయాలనుకుంటాం. తిరగకపోతే పిల్లలకు బేసిక్స్ లేవంటాం. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలిన రైతుకు వడిసెల ఏ క్షణంలో వదలాలో వీళ్లందరికంటే బాగా తెలుసు. అయినా ఆ నేర్పు దానంతట అది సిద్ధాంతం కాలేదు. ఎటు పోతుందో ముందే చెప్పు, ఎందుకో చెప్పు అని చేలో అతన్ని నిలదీసినవాళ్లు లేరు.

ఈ అపోహ ఎంత గట్టిదో కొలిచినవాళ్లున్నారు. 1980లో మైకేల్ మెక్లాస్కీ, అల్ఫాన్సో కరమాజా, బెర్ట్ గ్రీన్ అనే ముగ్గురు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. విశ్వవిద్యాలయ విద్యార్థులకు వంపు తిరిగిన గొట్టాల బొమ్మలు ఇచ్చి, బల్ల మీద పడుకోబెట్టినట్టున్న ఆ గొట్టంలోంచి బయటికొచ్చిన గోళీ ఎలా పోతుందో గీయమన్నారు. దారానికి కట్టి తిప్పుతున్న బంతి దారం తెగితే ఎటు పోతుందో గీయమన్నారు. సగానికి పైగా విద్యార్థులు చలనం గురించి తప్పుడు భావాలు బయటపెట్టారు. వాళ్లలో భౌతికశాస్త్రం చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. గొట్టం వదిలాక కూడా గోళీ వంపు తిరుగుతూనే పోతుందని గీసినవాళ్లు తక్కువేం కాదు. 1992లో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ తయారుచేసిన 'ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ' అనే ప్రశ్నపత్రంలోనూ వృత్తాకారపు కాలువలోంచి బయటికొచ్చే గోళీ ఉంది, దారం తెగిన బంతి ఉంది. ఒక్క లెక్క కూడా లేని ఆ ప్రశ్నపత్రం ప్రపంచమంతటా అధ్యాపకుల్ని ఇబ్బంది పెట్టింది. మన పరీక్షలు ఎందుకు ఇబ్బంది పెట్టవో చూడండి. తన్యత బయటి బలాన్ని సరిగ్గా ఆపుతోందని నమ్మే విద్యార్థి రాసే సమీకరణమూ, తన్యత ఒక్కటే రాయిని లోపలికి వంచుతోందని తెలిసిన విద్యార్థి రాసే సమీకరణమూ కాగితం మీద ఒకటే. ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది, ఇద్దరికీ నాలుగు మార్కులూ పడతాయి. లెక్క ఎంత కఠినమైనదైనా ఈ తేడాను పట్టుకోలేదు. తాడు వదిలితే ఏమవుతుంది అన్న పసిపిల్లల ప్రశ్న పట్టుకుంటుంది.

ఇక ప్రయోగాల సంగతి. ఏ సైన్సు ఫెయిర్‌కు వెళ్లినా కనిపించేది నీళ్ల బకెట్. నిలువు వృత్తంలో గిర్రున తిప్పుతారు, చుక్క కూడా ఒలకదు, చప్పట్లు మోగుతాయి. ఎందుకు ఒలకలేదంటే అపకేంద్ర బలం నీటిని బకెట్ అడుక్కి అదిమిపట్టింది అని ఒక విద్యార్థి మైకులో చెబుతాడు, న్యాయనిర్ణేతలు తలాడిస్తారు. నా మట్టుకు నేను ఈ బకెట్‌ను పాఠం మొదట్లో పెట్టడాన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. వృత్తం పైకొసన బకెట్ తలకిందులుగా ఉన్న క్షణంలో నీటి మీద పనిచేసే బలాలు రెండు: దాని బరువు, బకెట్ అడుగు తోపు. అడుగు ఇప్పుడు పైన ఉంది కాబట్టి ఆ తోపూ కిందికే. రెండు బలాలూ కిందికే ఉంటే నీళ్లు ఎందుకు పడటం లేదు? పడుతూనే ఉన్నాయి. సూటిగా పోవలసిన దారి నుంచి నీళ్లు కిందికి వంగుతున్నాయి, బకెట్ కూడా వాటితోపాటే అంతే వంపు తిరుగుతోంది, అందుకే రెండూ విడిపోలేదు. భుజం నుంచి నీటి దాకా 0.9 మీటరు ఉంటే, పైకొసన వేగం సెకనుకు సుమారు 3 మీటర్లకు తగ్గకుండా ఉన్నంతవరకు ఇది నడుస్తుంది. ఎంతో చక్కటి చిక్కుముడి ఇది. కాని విప్పడానికి కావలసిన పనిముట్లు విద్యార్థి దగ్గర లేనప్పుడు చూపిస్తే అపోహకు ఊరేగింపు చేసినట్టే అవుతుంది. దీని స్థానం పాఠం చివర.

మొదట్లో పెట్టవలసింది చప్పట్లు రాని ప్రయోగం. పెళ్లి భోజనాల దగ్గర వాడి పారేసే, అంచు లేచిన ప్లేటు ఒకటి తీసుకుని పావు ముక్క కత్తిరించండి. మిగిలిన అంచు వెంట ఒక గోళీని దొర్లించండి. కత్తిరించిన చోటికి వచ్చేసరికి గోళీ ఎటు పోతుంది? వదలకముందే ప్రతి విద్యార్థీ తన నోట్సులో గీత గీయాలి, పక్కవాడికి చూపించాలి, కారణం ఒక వాక్యంలో రాయాలి. బోర్డు మీద నాలుగు దారులు వస్తాయి: వంపు అలాగే కొనసాగేది, కేంద్రం నుంచి నేరుగా బయటికి పోయేది, సుడిలా విప్పుకుపోయేది, అంచు ఆగిన బిందువు దగ్గర స్పర్శరేఖ వెంట సూటిగా పోయేది. దేనికి ఎన్ని చేతులు లేచాయో లెక్క రాసి, ఆ తర్వాత గోళీ వదలండి. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో పిల్లలు ఏళ్లపాటు చదివిన కృత్యం ఒకటుంది, రాయిని దారానికి కట్టి తిప్పి వదలమని. ఉద్దేశం మంచిదే. కాని దారం ఏ బిందువు దగ్గర చేయి జారిందో కంటికి అందదు, గాలిలో రాయి కిందికి కూడా పడుతూ ఉంటుంది, ఎవరికి ఏది చూడాలనిపిస్తే అది కనిపిస్తుంది. ప్లేటులో అంచు ఆగే చోటు అందరికీ ఒకటే, గోళీ బల్ల దిగదు, వివాదానికి తావుండదు.

ముందుగా ఊహించమనడం లాంఛనం కాదనడానికి ఆధారం ఉంది. హార్వర్డ్‌లో కేథరిన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ మొదలైనవాళ్లు 2004లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీన్నే అడిగింది: తరగతిలో చేసి చూపే ప్రయోగాలు నేర్పుతున్నాయా, వినోదపరుస్తున్నాయా? ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లు అసలు చూడనివాళ్లకంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేరు. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి చూసినవాళ్లు స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. ఉపాధ్యాయులమైన మనకు కాస్త చేదుగా ఉండే ఫలితమిది. అంత శ్రమపడి పరికరాలు మోసుకొచ్చి చూపించిందంతా, ఒక ప్రశ్న వేయనందుకు, దాదాపు వృథా అయిందన్నమాట. మన మొత్తం వ్యవస్థ, పరికరాల పెట్టెలు పంచడం నుంచి ఇన్‌స్పెక్షన్ దాకా, పరికరం వాడారా లేదా అని అడుగుతుంది గాని వాడకముందు పిల్లల్ని ఏమడిగారు అని అడగదు.

గోళీ దిశ తేల్చాక, బలం ఎంత అన్నది తేల్చాలి. దీనికి అమెరికాలో 1956లో జెరోల్డ్ జకారియాస్ నాయకత్వంలో మొదలైన పీఎస్ఎస్‌సీ భౌతికశాస్త్ర పథకం బడులకు అలవాటు చేసిన ప్రయోగాన్ని మించింది ఇప్పటికీ లేదు. నున్నటి అంచున్న ఒక గొట్టం, బాల్‌పెన్ ఒళ్లైనా సరే. దానిలోంచి నైలాన్ దారం. పై కొసన ఒక రబ్బరు బిరడా, కింది కొసన ఇనుప నట్లు. గొట్టాన్ని పట్టుకుని బిరడాను తిప్పితే, ఒక వేగం దగ్గర నట్లు పైకీ పోకుండా కిందికీ జారకుండా నిలబడతాయి. ఈ అమరికలో గొప్పతనమంతా ఒక్కచోట ఉంది: ఇందులో తాడును లాగేది చేయి కాదు. లోపలికి లాగుతున్నది నట్ల బరువు, అది కళ్లెదుట వేలాడుతోంది, తూకం వేసి చెప్పవచ్చు. తప్పుదారి పట్టించే సాక్షిని బోనులోంచి దింపేసి తక్కెడను ఎక్కించినట్టయింది. 25 గ్రాముల బిరడా, గొట్టం పైనుంచి 50 సెంటీమీటర్ల దారం, కింద 60 గ్రాముల నట్లు ఉంటే 20 చుట్లకు 18 సెకన్లు పడుతుంది. ఇప్పుడు నట్లను 240 గ్రాములు చేస్తే ఎంత పడుతుంది? మళ్లీ గోళీకి పెట్టిన నియమమే, ముందు ఊహ. నాలుగో వంతు అనేవాళ్లే ఎక్కువ. స్టాప్‌వాచ్ 9 సెకన్ల దగ్గర ఆగుతుంది. వేగం రెట్టింపు కావడానికి నాలుగింతల బలం కావలసి వచ్చింది. హైగెన్స్ 1659లో కట్టిన సంబంధం నల్లబల్ల మీద రాయకముందే పిల్లల చేతికి వచ్చింది, ఈసారి దిశ కూడా సరిగ్గా.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ల్యాబుల్లో అనుభవం ఉన్నవాళ్లది: బిరడా ఎప్పుడూ కాస్త కిందికి వాలి తిరుగుతుంది, దారం అడ్డంగా ఉండదు, కాబట్టి లెక్క తప్పుతుంది. చూడటానికి న్యాయంగానే ఉంది. కాని లెక్క వేసి చూస్తే అందమైన విషయం బయటపడుతుంది. దారం వాలితే కేంద్రం వైపు పనిచేసే బలం తన్యతలో ఒక భాగమే అవుతుంది. సరిగ్గా అదే నిష్పత్తిలో వృత్తపు వ్యాసార్ధం కూడా దారం పొడవులో ఒక భాగమే అవుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వ్యాసార్ధానికి బదులు వాలిన దారం పొడవునే వాడితే సంబంధం ఎంత వాలినా కచ్చితంగా నిలుస్తుంది. ఇంటర్ విద్యార్థికి ఇంతకంటే మంచి లెక్క ఇవ్వలేం. గొట్టం అంచు దగ్గర ఘర్షణ మాత్రం నిజమైన ఇబ్బందే, ఫలితం కొంత అటూ ఇటూ అవుతుంది. తరగతిలో పది జట్లకు పది సంఖ్యలు వస్తాయి. అలా వస్తే పిల్లలకు సైన్సు మీద నమ్మకం పోతుందని భయపడేవాళ్లున్నారు. నాకు అంతకంటే, పది జట్లకూ ఒకే సంఖ్య వచ్చే రికార్డు పుస్తకాలను చూస్తే భయం వేస్తుంది.

మూడో ప్రయోగం చిన్నదే, దాని మీద ఎక్కువ చెప్పను. నీళ్లు నిండా పోసిన సీసా మూతకు లోపలివైపు దారంతో ఒక బెండు ముక్క కట్టి తలకిందులు చేస్తే బెండు పైకి తేలి నిలుస్తుంది. చేతులు చాచి ఆ సీసాను పట్టుకుని విద్యార్థి తన చుట్టూ తాను తిరిగితే బెండు ఎటు వంగుతుంది? తిరిగే ప్రతిదాన్నీ బయటికి తోసే బలం ఉందని నమ్మేవాళ్లంతా బయటికి అంటారు. అది లోపలికి, తిరుగుతున్న మనిషి వైపు వంగుతుంది. నీళ్లు బెండుకంటే సాంద్రమైనవి. వాటిని వృత్తంలో ఉంచడానికి సీసా గోడ లోపలికి నెట్టడం వల్ల ఏర్పడిన పీడనపు తేడా తేలికైన బెండును ఇంకా లోపలికి తోసేస్తుంది. ఈ వివరణ అర్థం కాకపోయినా ఫరవాలేదు, బయటికి తోసే బలం మీది నమ్మకానికి బీట పడితే చాలు.

ఇప్పుడు అన్నింటికంటే బరువైన అభ్యంతరం, భౌతికశాస్త్రం బాగా తెలిసినవాళ్లది. అపకేంద్ర బలం అపోహ అని ఎలా అంటారు, తిరిగే నిర్దేశ చట్రంలో అది సక్రమమైన భావనే కదా? నిజమే. బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు తిరుగుతుందో లెక్కగట్టే వాతావరణ శాస్త్రజ్ఞుడు భూమితోపాటు తిరిగే చట్రంలోనే నిలబడి లెక్కవేస్తాడు, కొరియాలిస్ బలాన్నీ అపకేంద్ర బలాన్నీ నిస్సంకోచంగా వాడతాడు. ఘాట్ రోడ్డు మలుపులో బయటికి తూలిన ప్రయాణికుడు చెప్పేదీ బస్సులోంచి చూస్తే సబబే. కాబట్టి అలాంటి బలమే లేదని దబాయించే ఉపాధ్యాయుడు ఒక తప్పు తీసేసి ఇంకో తప్పు పెడుతున్నాడు. అడగవలసింది, ఎక్కడ నిలబడి చూస్తున్నావు అని. రోడ్డు పక్కన నిలబడినవాడికి ప్రయాణికుడు సూటిగా పోతున్నాడు, బస్సే అతని కిందనుంచి తిరిగిపోతోంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్ హ్యూమ్, డోనాల్డ్ ఐవీ పీఎస్ఎస్‌సీ కోసం 1960లో తీసిన 'ఫ్రేమ్స్ ఆఫ్ రిఫరెన్స్' సినిమా ఈ రెండు చూపులనూ పక్కపక్కన పెట్టి చూపించింది. అయితే వరస ముఖ్యం. నేల మీద నిలబడి చూడటం గట్టిపడ్డాకే బస్సులోంచి చూడటం నేర్పాలి. రెండు చూపుల మధ్య తేడా తెలియని పిల్లలకు ఒకే బొమ్మలో రెండు బాణాలూ గీసి చూపిస్తే, ఒకటి నేల మీది లెక్క, ఇంకొకటి బస్సులోని లెక్క కలిసిపోయి దేనికీ చెందని బొమ్మ తయారవుతుంది. ఇంతకుముందు చెప్పిన తప్పు సిద్ధాంతం బలపడేది అక్కడే.

దీని పక్కనే ఇంకో చిక్కుంది. బలాల పట్టికలో గురుత్వం, ఘర్షణ, తన్యత వరుసన అభికేంద్ర బలాన్ని కూడా చేర్చి చదివిన విద్యార్థి, ప్రతి బొమ్మలోనూ ఉన్న బలాలకు అదనంగా ఇంకో బాణం గీస్తాడు. అది కొత్త జాతి బలం కాదు, ఉన్న బలాల్లో ఎవరో ఒకరు చేసే ఉద్యోగం. గొట్టం ప్రయోగంలో ఆ ఉద్యోగం దారంది, మలుపు తిరిగే ఆటోకు టైరు కింది ఘర్షణది, జాతరలో మృత్యుకూపం గోడ మీద తిరిగే మోటారు సైకిలుకు గోడ తోపుది. వాషింగ్ మెషీన్ డ్రయ్యర్‌లో బట్టలకు ఆ పని డ్రమ్ము గోడ చేస్తుంది. రంధ్రం ఎదురైన నీటిబొట్టుకు చేసేవాళ్లు లేరు కాబట్టి సూటిగా వెళ్లిపోతుంది. ఎవరు లాగుతున్నారు, ఎవరు నెడుతున్నారు అని ప్రతిసారీ పేరు పెట్టించి అడిగితే ఈ అదనపు బాణం క్రమంగా రాలిపోతుంది.

తర్వాత సమయం. సిలబస్ పూర్తి కావాలి, ఈఏపీసెట్ ముంచుకొస్తోంది, గోళీలు ఆడిస్తూ కూర్చుంటే ఎలా అన్నది కాలేజీల్లో సాధారణంగా వినిపించే మాట. దీనికి రిచర్డ్ హేక్ 1998లో ప్రచురించిన విస్తృత సర్వే జవాబు చెబుతుంది. 62 కోర్సుల్లో 6,542 మంది అమెరికన్ విద్యార్థులకు కోర్సుకు ముందూ తర్వాతా భావనాత్మక పరీక్షలు పెట్టి, పెరగడానికి వీలున్న దానిలో ఎంత భాగం పెరిగిందో చూశారు. ఉపన్యాసం ప్రధానంగా నడిచిన కోర్సుల్లో సగటున 0.23, విద్యార్థులు ఆలోచిస్తూ, చేస్తూ, వెంటనే చర్చించుకుంటూ నడిచిన కోర్సుల్లో 0.48. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: హేక్ రెండో రకానికి ఇచ్చిన నిర్వచనంలో బుర్ర పనిచేయడం ఎప్పుడూ ఉండవలసింది, చేతులు పనిచేయడం మామూలుగా ఉండేది మాత్రమే. అంటే ఈ అంకెలు ప్రయోగానికి కాకుండా ప్రయోగం చుట్టూ జరిగే ఆలోచనకు అనుకూల సాక్ష్యం. నా వాదనకు ఇది అడ్డం రాదు, అసలు నా వాదనే అది. సమయం విషయానికొస్తే, ప్లేటూ గోళీకి ఒక పీరియడ్‌లో సగం, గొట్టం ప్రయోగానికి రెండు పీరియడ్లు సరిపోతాయి. అదే తప్పుడు బొమ్మను పట్టుకుని శంకు లోలకం, వాలు రోడ్డు, నిలువు వృత్తం, ఉపగ్రహ కక్ష్య దాకా ప్రతి అధ్యాయంలో తడబడే సమయం ఎవరూ లెక్కగట్టడం లేదు.

వ్యవస్థ సంగతి మాత్రం తేలిగ్గా తీసేయలేం. మధ్యప్రదేశ్‌లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 1972లో 16 బడుల్లో మొదలుపెట్టిన హోశంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ఈ దేశంలో చేసి నేర్చుకునే సైన్సుకు జరిగిన అతి గట్టి ప్రయత్నం. 1978లో జిల్లా అంతటికీ పాకింది, 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి దాన్ని ముందుకు తీసుకెళ్లింది, 2002లో రాష్ట్ర ప్రభుత్వం మూసేసింది. మూసివేత ఒక్కటే చూసి ఇలాంటివి నిలబడవని అనేవాళ్లు ముప్పై ఏళ్లు ఎలా నిలబడిందో కూడా చూడాలి. పరికరాల పెట్టెతో సరిపెట్టకుండా ఉపాధ్యాయులకు శిక్షణ, క్రమం తప్పని సమావేశాలు ఏర్పాటు చేశారు. పరీక్షను కూడా మార్చారు: పుస్తకం తెరిచి రాసే పరీక్ష, చేసి చూపించే పరీక్ష. ఆఖరిదే కీలకమని నా అభిప్రాయం. మన ఇంటర్‌లో ఇన్నాళ్లూ 30 మార్కులకు నడిచిన ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి తెలిసిన జవాబుకు దగ్గరగా రావాలని చూస్తాం. దానికి బదులు ఒక ప్లేటు చేతికిచ్చి, అంచు ఇక్కడ కత్తిరిస్తే గోళీ ఎటు పోతుందో ముందు రాసి, చేసి, తేడా ఉంటే కారణం రాయమని అడిగితే, తేడా వచ్చినందుకు మార్కులు కోయకుండా కారణానికి మార్కులు వేస్తే, రెండేళ్లలో బోధన దానంతట అదే ఇటు తిరుగుతుంది. పరీక్ష వెంటే పాఠం నడుస్తుందన్నది మనకు చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. ఆ బలహీనతనే వాడుకోవచ్చు.

అరవై మంది పిల్లలు, ల్యాబు లేదు, ఎవరి కంటికైనా తగిలితే ఎలా అని కూడా అడుగుతారు. ఐదుగురికొక జట్టు చొప్పున పన్నెండు జట్లు. కావలసినవన్నీ ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టులో, స్టేషనరీ షాపులో దొరికేవే. రాయి బదులు రబ్బరు, గది బదులు ఆటస్థలం, తిప్పేవాళ్లకు రెండు మీటర్ల దూరంలో సున్నపు గీత. ఇంతకంటే అపాయం ఖోఖోలో ఉంది. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ చేసి చూసే సైన్సును వాహనాల్లో పల్లె బడులకు తీసుకెళ్తోంది, జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో పిల్లల దగ్గరికి వెళ్తోంది; వనరులు బొత్తిగా లేవని అనలేం. ఇక ఇవన్నీ ఎందుకు, తెర మీద బొమ్మ చూపిస్తే పోలేదా అనేవాళ్లున్నారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ బొమ్మలు నిజంగా మంచివి, ముఖ్యంగా వేగపు బాణం ఎటు, త్వరణపు బాణం ఎటు అని చూపడానికి. కాని తెర మీద గోళీ ప్రోగ్రాం రాసినవాడు చెప్పినట్టు పోతుంది. విద్యార్థి ఊహ తప్పని తేల్చవలసింది ఇంకో మనిషి కాకూడదు. ఫోన్‌ను తెరగా కాక పరికరంగా వాడితే మాత్రం నాకు అభ్యంతరం లేదు. జర్మనీలో ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫోన్ లోపలి సెన్సర్లతో కోణీయ వేగాన్నీ త్వరణాన్నీ ఒకేసారి కొలుస్తుంది. తిరిగే కుర్చీ అంచుకు ఫోన్ కట్టేస్తే గ్రాఫు కళ్లముందే వస్తుంది.

ఈ ప్రయోగాలకు ఒక హద్దుంది, అది కూడా చెప్పాలి. వీటన్నింటిలో లాగేదో నెట్టేదో కంటికి కనిపిస్తుంది: దారం, అంచు, గోడ. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహానికి గాని చంద్రుడికి గాని దారం లేదు. అక్కడికి వెళ్లడానికి న్యూటన్ వాడిన లెక్కే చాలు, తొమ్మిదో తరగతి పిల్లలు వేయగలరు. చంద్రుడి దూరం 3,84,000 కిలోమీటర్లు, చుట్టు పూర్తయ్యే కాలం 27.3 రోజులు. బిరడాకు వాడిన సంబంధంలో ఈ రెండూ పెడితే త్వరణం సెకను వర్గానికి 0.0027 మీటర్లు వస్తుంది. చంద్రుడు భూమి కేంద్రం నుంచి భూవ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు; నేల మీది 9.8ని 60 వర్గంతో, అంటే 3,600తో భాగిస్తే వచ్చేదీ 0.0027. ఈ లెక్కలో చంద్రుడి ద్రవ్యరాశి ఎక్కడా అవసరం పడలేదు. గొట్టం ప్రయోగంలో మాత్రం అదే నట్లకు 25 గ్రాముల బిరడా తీసి 50 గ్రాములది పెడితే 18 సెకన్లు 26 అవుతాయి. అక్కడ ద్రవ్యరాశి మారితే కాలం మారింది, ఇక్కడ ఎందుకు మారదు అని ఒక విద్యార్థి లేచి అడిగితే గురుత్వాకర్షణ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు: నట్ల లాగుడు బిరడా ద్రవ్యరాశిని పట్టించుకోదు, భూమి లాగుడు చంద్రుడి ద్రవ్యరాశిని బట్టే ఉంటుంది.